ఉప్పు షావుకారు కొంపలో కారు

రేపల్లెలో ఉప్పు షావుకారు కొంప ముందు, చీకటి పడ్డాక మగాళ్ళు కూడా పెడళ్ళు ఊడేలా సైకిలు తొక్కేవాళ్ళు. షావుకారు రెండో పెళ్ళాం ఆ పెరటి బావిలో పడి చచ్చిందనీ, రాత్రిళ్ళు గాజుల చప్పుడు వినిపిస్తుందనీ చెప్పుకునేవాళ్ళు. ఆవిడ పోయింది గుంటూరు ఆస్పత్రిలో, పచ్చకామెర్లతో. రిక్షాలో స్టేషనుకి తీసుకెళ్ళింది మా నాన్నే. అయినా మా ఊళ్ళో నిజం ఎవడిక్కావాలి!

తొంభై ఎనిమిదిలో మాట. ఆ కొంప అరుగు మీద రత్తాలక్క ఉండేది. సముద్రం ఒడ్డున అడవులదీవి మనిషి. మొగుడు చేపల వేటకెళ్ళి సముద్రం మీంచి తిరిగి రాలేదు. పగలంతా ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి, రాత్రికి అక్కడ పడుకునేది. మద్రాసులో ఉన్న ఇంటివాళ్ళు, కాపలా ఉంటుందిలే అని ఊరుకున్నారు. ఆవిడకి తలదాచుకోడానికి ఇంకో చోటు లేదు.

పక్కిల్లు జ్ఞానానందం గారిది. రిటైరైన హెడ్మాస్టరు, చర్చిలో సంఘపెద్ద, తనకి తెలియనిది లేదనుకునే రకం. సెకండ్ హ్యాండ్‌లో ఓ మారుతి కారు కొన్నాడు. సొంత గుమ్మం ముందు పట్టక, తీసుకొచ్చి షావుకారు ఆవరణలో, అక్క అరుగు ముందే పెట్టాడు. పెట్టింది చాలక, "నీ చేపల కంపు కారుకి పడుతోంది, ఖాళీ చెయ్యి" అని ఆవిడనే సాధించేవాడు.

కారుతో ఒక రిమోటు వచ్చింది. నొక్కితే తలుపుల తాళాలు పడతాయి, మళ్ళీ నొక్కితే ఊడతాయి. దాని బ్యాటరీ అయిపోయి నా వాచీల కొట్టుకొచ్చాడు. నేను వేసిస్తానన్నాను.

"ఈ మాత్రం నాకు చేతకాదా లాజరూ?" అని కొత్త బ్యాటరీ ఒక్కటే పట్టుకెళ్ళాడు.

ఇంట్లో కూరగాయల కత్తితో విప్పబోయి మూత విరగ్గొట్టాడు. విరిగినదాన్ని రబ్బరు బ్యాండ్లు మెలేసి బిగించాడు. చేతకావడమంటే అదీ!

ఆ సాయంత్రమే అక్కని పిలిచి బెదిరించాడు. "తాళం పడ్డాక నీ బుట్ట నా కారుకి తగిలిందా, సైరన్ మోగి ఊరంతా లేస్తుంది. జాగ్రత్త!"

"సరేనండి సారూ," అంది అక్క.

మర్నాటి రాత్రి మొదలైంది...

తొమ్మిదింటికి, చీకట్లో, ఎవరూ లేని కారు కీక్ మంది. లైట్లు వెలిగి ఆరిపోయాయి. తాళాలు టక్కున ఊడాయి. మళ్ళీ కీక్... టక్కున పడ్డాయి. వారం రోజులు, సరిగ్గా అదే వేళకి.

"రిమోటు నా జేబులోనే ఉంది. నేను నొక్కనే లేదు!" అన్నాడాయన. తను నొక్కలేదు కాబట్టి దెయ్యం నొక్కింది. పాతికేళ్ళు పిల్లలకి సైన్సు చెప్పిన బుర్ర అది! పైగా ఆ దెయ్యాన్ని రత్తాలక్కే సముద్రం దగ్గర్నుంచి వెంటబెట్టుకొచ్చిందన్నాడు. ఆదివారం పొద్దున్నకల్లా పోకపోతే మద్రాసుకి ఉత్తరం రాస్తానన్నాడు. వీధిలో వెధవలంతా తలకాయలూపారు.

శనివారం రాత్రి నేను వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను. కరెంటు లేదు. తొమ్మిది కావస్తోంది. గోడవతల జ్ఞానానందం గారి ఇంట్లో రోజూ జరిగే కుటుంబ ప్రార్థన... పాట అయిపోయింది.

"మోకరిద్దాం," అన్న ఆయన గొంతు వినపడింది.

అందరూ మోకాళ్ళ మీదికి దిగిన చప్పుడు.

కీక్!

దెయ్యాల్లేవని పొద్దున్నుంచీ కోతలు కోసినవాణ్ణి, గబుక్కున అక్క కొంగు పట్టుకున్నాను. ఛీ, నా బతుకు!

"పో... సాతానా!" గోడవతల నుంచి. కీక్! "పో!" కీక్!

"ఆయన పొమ్మన్నప్పుడల్లా పలుకుతోందేంటి తమ్ముడూ?" అంది అక్క, గుసగుసగా.

అప్పటికి వెలిగింది నాకు. గోడ దూకి కిటికీలోంచి చూశాను. లాంతరు వెలుగులో జ్ఞానానందం గారు మోకాళ్ళ మీదున్నాడు. పొమ్మన్నప్పుడల్లా గుండెలు బాదుకుంటున్నాడు... గుండె మీద చొక్కా జేబు. జేబులో రిమోటు.

లోపలికెళ్ళి అడిగి తీసుకున్నాను. బ్యాండ్లు ఎంత బిగించాడంటే, వేలు ఇలా ఆనితే చాలు మీట నొక్కుకుంటోంది; రోజూ మోకరించి గుండెకి చేతులు ఆనించినప్పుడల్లా జరిగిందదే. కారుకి తాళం పడేలా ఒకసారి నొక్కి, బ్యాటరీ ఊడదీసి చూపించాను.

"ఇదిగోండి సార్, మీ సాతాను."

ఆయన భార్య దేవకుమారమ్మ గారు నవ్వాపుకోలేకపోయింది. ఆయన మొహం మాడిపోయింది. మనిషైతే అక్కడ సిగ్గుపడాలి. ఈయన, నా వెనకే వచ్చి వాకిట్లో నిలబడ్డ అక్క వైపు తిరిగాడు.

"దెయ్యం లేకపోతే పోయింది. కంపుందిగా! తెల్లారేసరికి ఖాళీ చెయ్యాల్సిందే."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"సరేనండి సారూ. బుట్ట సర్దుకుంటాను," అని అక్క చీకట్లోకి వెళ్ళిపోయింది.

రెండు నిమిషాలు గడిచాయో లేదో—

కుయ్యోమని సైరన్! వీధి కుక్కలన్నీ ఒక్కసారి అందుకున్నాయి.

"లాజరూ... బ్యాటరీ..." అన్నాడు జ్ఞానానందం గారు.

పిడికిలి విప్పి చూపించాను. "నా దగ్గరే ఉంది సార్."

ఆయన బల్ల పట్టుకుని అలాగే కూలబడ్డాడు. "రత్తాలమ్మా!" అని కేకేశాడు. వారం నుంచి దెయ్యాన్ని తెచ్చిన మనిషి ఒక్క క్షణంలో అమ్మ అయిపోయింది! "నువ్వెక్కడికీ పోవద్దమ్మా! అక్కడే ఉండు! ఇంక ఉత్తరాలూ లేవు, ఏమీ లేవు!"

వీధి వీధంతా వినేదాకా ఆగి, అప్పుడు తాపీగా బ్యాటరీ వేసి నొక్కి సైరన్ ఆపాను.

మర్నాడు అక్క నా కొట్టు ముందు బుట్ట దింపి, ఎండురొయ్యల పొట్లం చేతిలో పెట్టింది.

"చీకట్లో కారుకి బుట్ట తగిలింది తమ్ముడూ," అంది.

"తగిలిందా అక్కా?"

"మొదట సరిగ్గా తగల్లేదు," అంది, బుట్ట నెత్తికెత్తుకుంటూ. "మళ్ళీ తగిలించాను."