పాత కాటా మలుపులో డీజిల్ ముల్లు

జగ్గయ్యపేట నుంచి వత్సవాయి పోయే దారిలో పాత కాటా మలుపుంది చూడండి... చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు. ఆపితే మళ్లీ కదలదంటారు.

ఒకప్పుడు సున్నపురాయి లారీల్ని తూకం వేసిన చోటది. క్వారీ మూతబడి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడక్కడ మిగిలింది రోడ్డు పక్కన నేలలో దిగేసిన, తూకానికి లారీలెక్కే ఇనప పలక, దాని వెనక తలుపుల్లేని గది — అంతే.

ఇది నాకు శాంతికుమార్ చెప్పాడు. పేటలో కార్లకి కరెంటు పనులు చేస్తాడు. అబద్ధాలాడే మనిషి కాదు. భయం మాత్రం కాస్త ఎక్కువ.

వత్సవాయిలో ప్రేమకుమారి అని ఒక టీచరుంది. ఆవిడ అత్తగారు రూతమ్మకి వారానికి మూడు రోజులు పేటలో డయాలసిస్. బడి అవగానే టీచరే తన పాత కారులో తీసుకొస్తుంది. తిరిగెళ్లేసరికి తొమ్మిదవుతుంది.

ఒక సోమవారం రాత్రి... సరిగ్గా ఆ మలుపు దగ్గర... డాష్‌బోర్డులో లైట్లన్నీ కొడిగట్టినట్టు గుడ్డివైపోయాయి. డీజిల్ ముల్లు తనంతట తనే లేచి, ఫుల్ మీదికెక్కి వణికింది. ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కేసింది.

మలుపు దాటారు. అన్నీ మామూలే!

బుధవారం అంతే. శుక్రవారమూ అంతే.

"ఆ కారు అమ్మేద్దాం," అన్నాడు టీచరు భర్త డేవిడ్‌రాజు.

"అమ్మేస్తే అత్తమ్మ ఎట్లా వెళ్లుద్ది? ఆ టైముకి బస్సేది?"

రూతమ్మ కొడుకుతో అంది — "దెయ్యమైతే ఏంటిరా? ట్యాంకు నింపి పంపుతోంది. నీకంటే నయం."

కారు శాంతికుమార్ దగ్గరికొచ్చింది. పట్టపగలు, కొట్టు ముందు ఎంత వెతికినా ఒక్క లోపం దొరకలేదు. "రాత్రికి మీతోపాటే వస్తా మేడం," అనేశాడు. నోరు జారానని చీకటి పడ్డాక గాని తెలిసిరాలేదు.

ముందు సీట్లో శాంతికుమార్, వెనక రూతమ్మ. మలుపొచ్చింది. టీచరు బ్రేకేసింది. ఇండికేటర్ వేసింది.

లైట్లు కొడిగట్టాయి...

ముల్లు లేచింది...

శాంతికుమార్ చేతిలో టెస్టు ల్యాంపు కింద పడింది. "యేసయ్యా!" అని ఒక కేక, వెంటనే "ఆంజనేయా!" అని ఇంకో కేక. ఇద్దరిలో ఎవరికి వీలైతే వాళ్లు వస్తారని.

"అరవకు బాబూ," వెనక నుంచి గొంతు తగ్గించి అంది రూతమ్మ. "అది బ్రేకు తొక్కితేనే వస్తది. మూడుసార్లూ చూశా."

టీచరు కాలు తీసింది. లైట్లు వెలిగాయి. తొక్కింది — గుడ్డివయ్యాయి.

శాంతికుమార్‌కి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "ఎర్తు మేడం! ఎర్తు లూజు! పక్కన ఆపండి!"

ఆవిడ కారుని రోడ్డు దింపి ఇనప పలక మీద ఆపింది. ఇంజను నడుస్తూనే ఉంది. అతను డాష్‌బోర్డు కింద తల దూర్చాడు. టేప్‌రికార్డరు బిగించినవాడెవడో ఎర్తు వైర్లన్నీ తెచ్చి ఒకే బోల్టుకి చుట్టాడు. ఆ బోల్టు తుప్పుపట్టి, వేలితో తిప్పితే తిరుగుతోంది. బ్రేకు తొక్కితే, ఇండికేటర్ వేస్తే, ఆ కరెంటు పోయే దారిలేక ముళ్ల మీద పడుతోంది. ఆ గుంతల మలుపులో అన్నీ ఒక్కసారే పడేసరికి దెయ్యమైంది.

గరుకు కాగితంతో బోల్టు మెరిసేదాకా రుద్ది, బిగించాడు.

డాష్‌బోర్డు పెళ్లిపందిరిలా వెలిగింది. టీచరు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంక అమ్మక్కర్లేదు అత్తమ్మా!"

ఆ లూజు ఎర్తు వల్ల ఇన్నాళ్లూ అరట్యాంకు పైనే ఆగిన డీజిల్ ముల్లు నెమ్మదిగా దిగింది... సగం... పావు... ఇంకా కిందికి. అడుగున ఆగింది.

ఇంజను రెండుసార్లు దగ్గి ఆరిపోయింది.

ముగ్గురూ ముల్లు వంక చూస్తుండిపోయారు. ముల్లు అరట్యాంకు పైనే ఉంది గదా అని పది రోజులుగా ఎవరూ డీజిల్ పోయించలేదు.

టీచరు భర్తకి ఫోన్ చేసింది. క్యాను తీసుకుని అరగంటలో వస్తానన్నాడు. బ్యాటరీ దిగిపోతుందని శాంతికుమార్ లైట్లన్నీ ఆర్పేశాడు.

చిమ్మచీకటి.

అప్పుడు... ఆ తలుపుల్లేని గదిలోంచి... పొడి దగ్గు. తర్వాత మెల్లగా, విసుగ్గా ఒక గొంతు.

"ఖాళీయా... లోడా?"

లారీ పలకెక్కగానే కాటా గుమాస్తా అడిగే మాట అది.

శాంతికుమార్‌కి ఈసారి ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు.

రూతమ్మ అద్దం దించింది. "ఖాళీయే నాయనా," అంది.

గదిలో చప్పుడు లేదు. కాసేపటికి వెనక డోరు కిర్రుమని తెరుచుకుంది... మళ్లీ మూసుకుంది. కారు వెనకవైపు కొంచెం కిందికి దిగింది.

శాంతికుమార్ వెనక్కి తిరిగి చూళ్లేదట.

రూతమ్మ మాత్రం కాస్త పక్కకి జరిగి కూర్చుంది.