పేరు తీసేసిన ఫోటోలు

ఉదయం ఏడు ఇరవైకి ఫోటోగ్రాఫర్ తన స్టూడియో మెట్ల మీద చనిపోయాడు.

సైలెన్సర్ బిగించిన పిస్టల్ కావడంతో చప్పుడు ఎవరికీ వినపడలేదు. మెట్ల మీద దొర్లుకుంటూ వచ్చిన బ్రెడ్ ప్యాకెట్‌ని చూసి కింది అంతస్తు టైలర్ తల ఎత్తాడు. అప్పటికే హంతకుడు కెమెరా బ్యాగు భుజాన వేసుకుని, మోకాళ్ల నొప్పులున్న ముసలివాడిలా గోడ పట్టుకుని దిగుతున్నాడు. టైలర్ పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాడు.

తొమ్మిది గంటలకు పెద్దాయన గుమస్తాను పిలిపించాడు.

గుమస్తా నిజంగా గుమస్తా కాదు. సీక్రెట్ సర్వీస్‌లో పదహారేళ్లుగా పనిచేస్తున్న ఏజెంట్. ఒకసారి చూసినవాళ్లు రెండోసారి గుర్తుపట్టలేని ముఖం కావడంతో ఆ పేరు స్థిరపడిపోయింది. పెద్దాయన ఆ శాఖకు చీఫ్. కూర్చోమనడు, కుశలం అడగడు.

"నది ఒడ్డు గోడౌన్‌లో విషవాయువు సిలిండర్లు దిగాయి. పైకి ఎరువులని రాసుంది. ఒకటి లీకై ముగ్గురు కూలీలు పోయారు. దింపించినవాడు విదేశీ ముఠా నాయకుడు. డాక్టర్ అంటారు. సిలిండర్ల పక్కన వాడు నిలబడి ఉండగా ఒక ఫోటోగ్రాఫర్ ఫోటోలు తీశాడు. నలభై ఒకటి. పొద్దున చంపేశారతన్ని."

"ఫోటోలు పోయాయా?"

"పోలేదు. అదే నా భయం."

పెద్దాయన కంప్యూటర్ స్క్రీన్ ఇటు తిప్పాడు. ఫోటోలు వారం క్రితమే సెంట్రల్ ఆర్కైవ్‌కి చేరాయి. ప్రతి ఫైల్‌లోనూ తీసినవాడి పేరు, తేదీ, స్థలం, హక్కు ఎవరిదన్న వివరం ఉండాలి. ఇప్పుడు వాటిలో ఏదో విదేశీ సినిమా కంపెనీ పేరుంది. తేదీ నాలుగేళ్ల కిందటిది.

"అంటే ఇవి షూటింగ్ స్టిల్స్ అంటారు," అన్నాడు గుమస్తా. "సిలిండర్లు సెట్టింగు. డాక్టర్ జూనియర్ ఆర్టిస్టు."

"'కాదు, ఇవి నేను తీసినవి' అని చెప్పాల్సినవాడు మార్చురీలో ఉన్నాడు. పన్నెండింటికి ఆర్కైవ్ రిజిస్ట్రార్ ఈ ఫైళ్లకి డిజిటల్ సీల్ వేస్తుంది. రెండింటికి కూలీల చావు మీద విచారణ కమిషన్. సీల్ పడిందంటే దాని కింద ఏ పేరుంటే అదే నిజం."

"ఆపమని ఫోన్ చేయలేమా?"

"కారణం చూపమంటుంది. ఒక ఫోటోకి జతచేసిన కర్త పేరూ హక్కుల వివరాలూ తెలిసి చెరిపితే, మారిస్తే మన చట్టంలో నేరం. జైలు. కానీ చెరిపినట్టూ, తెలిసే చెరిపినట్టూ రుజువు కావాలి. ఆర్కైవ్‌లో మన మనిషి ఒకావిడ ఉంది. కోడ్ నేమ్ పగడం. డాక్టర్ ముఠాలో కూడా ఉంది, మన కోసం."

"మన కోసం అని ఆవిడ చెప్పిందా, మీరు అనుకుంటున్నారా?"

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు.

స్టూడియోలో ఫోటోగ్రాఫర్ అక్క ఒక్కతే ఉంది. ఫోటోలకు ఫ్రేములు కట్టడం ఆమె పని. పోలీసులు వెళ్లిపోయాక మళ్లీ బల్ల ముందు కూర్చుని అట్ట కోస్తోంది. వేలు తెగి అట్ట మీద రక్తం పడుతున్నా చూసుకోవడం లేదు.

గుమస్తా మెల్లగా ఆ కత్తి అందుకుని పక్కన పెట్టాడు.

"అమ్మా, మీ తమ్ముడి పేరు ఆ ఫోటోల్లోంచి తీసేశారు. ఇంకెక్కడైనా పేరు పెట్టేవాడా?"

ఆమె తెగిన వేలిని చీర కొంగులో చుట్టుకుంది.

"బొమ్మ లోపల కూడా పెట్టేవాడండీ. కంటికి కనబడదట. రంగుల్లో కలిపేస్తాడట. ఒకసారి ఎవరో వాడి ఫోటో దొంగిలించి ప్రైజు కొట్టేశారు లెండి. అప్పట్నుంచీ అంతే. తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి."

"ఏమిటది?"

ఆమె తల దించుకుంది. "గుమ్మడక్క. చిన్నప్పుడు నేను లావుగా ఉండేదాన్ని. నలుగుర్లో అలా పిలవొద్దురా అని తిట్టేదాన్ని. అయితే ఎవరికీ చెప్పను, దీనికి పెట్టుకుంటా అన్నాడు." అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా బయటపడింది.

పదకొండున్నరకు ఏసీ మెకానిక్ వేషంలో గుమస్తా ఆర్కైవ్‌లోకి అడుగుపెట్టాడు. చేతిలో టూల్ బాక్సు, జేబులో అగ్గిపెట్టెంత స్కానర్. బొమ్మలో దాచిన రాతను బయటికి లాగే యంత్రం అది. కారిడార్లో ఫినాయిల్ వాసన. పైన ట్యూబ్‌లైటు ఒకటి ఆగి ఆగి వెలుగుతోంది. ఎదురైన ఒక్క ఉద్యోగి కూడా అతని ముఖంలోకి చూడలేదు.

సర్వర్ రూమ్ ముందు ఒక స్త్రీ నిలబడి ఉంది. ఎర్రంచు పట్టుచీర, చెవులకు పగడాలు. అందగత్తె. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"ఈ గదికి గాలి ఎటునుంచి వస్తుందండీ?" కోడ్ వాక్యం అడిగాడు గుమస్తా.

"వచ్చిన గాలికి పోయే దారి లేదు." సరైన జవాబే. "లోపలికి రండి."

అతను లోపలికి అడుగుపెట్టగానే వెనక స్టీలు తలుపు మూసుకుంది. తాళం పడిన చప్పుడు. తలుపులోని అద్దం అవతల పగడం పక్కన తెల్లటి సూటు వేసుకున్న డాక్టర్ కనిపించాడు. ఆర్కైవ్‌కి విదేశీ సలహాదారు హోదాలో వచ్చాడు. గోడ మీది ఎర్ర మీట కిందికి లాగి, వాచీ చూసుకుని, రిజిస్ట్రార్ గది వైపు నడిచాడు.

పైకప్పు గొట్టాల్లోంచి బుస్సుమని శబ్దం మొదలైంది. మంటలు ఆర్పే గ్యాస్. అది గది నిండితే యంత్రాలకేమీ కాదు. మనిషికి మాత్రం ఊపిరి ఆడదు.

గుమస్తా ఒక సర్వర్ కేబుల్‌కి స్కానర్ తగిలించి పాస్‌వర్డ్ కొట్టాడు. పచ్చ లైటు వెలిగింది. మొదటి ఫోటో, రెండోది, మూడోది... చెరిగిపోయిన పేరు ఒక్కో ఫోటోలోంచీ పైకి వస్తోంది. అతని చెవుల్లో గంటలు మోగుతున్నాయి. నలభై ఒకటీ పూర్తయ్యాక తూలుకుంటూ తలుపు దగ్గరికొచ్చి అద్దానికి ముఖం ఆనించాడు.

పగడం ఇంకా అక్కడే ఉంది.

"ఫోటోగ్రాఫర్‌ని..." ఊపిరి తీసుకున్నాడు. "పొద్దున చంపేశారు. తెలుసా?"

ఆమె పెదవులు కదిలాయి. "అబద్ధం."

"ఏడు ఇరవైకి. వాళ్ల అక్క ఒక్కతే ఉంది. వెళ్లి అడుగు."

గుమస్తాకి ఆ తర్వాత నేల మాత్రమే గుర్తుంది. చల్లగా ఉంది.

కళ్లు తెరిచేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. పగడం అతని చంకల కింద చేతులు వేసి కారిడార్లోకి ఈడుస్తోంది. గ్యాస్ శబ్దం ఆగిపోయింది.

"నాకు పేరు తీసెయ్యమనీ, మిమ్మల్ని గదిలో పెట్టి తాళం వెయ్యమనీ మాత్రమే చెప్పాడు," అంది రొప్పుతూ. "మనిషిని తీసేస్తానని చెప్పలేదు. డబ్బిచ్చి నోరు మూయిస్తాడనుకున్నా."

"పేరైతే పర్లేదా?"

ఆమె అతన్ని వదిలేసి గోడకు ఆనుకుంది. "పదేళ్లు వాడి కోసం బొమ్మలు వేశాను. గొప్ప చిత్రకారుల సంతకాలతో అమ్ముకున్నాడు. ఒక్కదాని మీదా నా పేరు లేదు. అలవాటైపోయింది. ఇంకొకడి పేరు తీయడం తప్పనిపించలేదు." చేతిసంచిలోంచి తన ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. "లెండి. నాలుగు నిమిషాలే ఉన్నాయి."

రిజిస్ట్రార్ గదిలో గడియారం పన్నెండుకి నిమిషం తక్కువ చూపిస్తోంది. రిజిస్ట్రార్ వయసు మళ్లిన మనిషి. ముక్కు చివర కళ్లజోడు, ముందు కంప్యూటర్, వేలు సీల్ బటన్ మీద. పక్కన డాక్టర్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

గుమస్తా తలుపు తోసుకుని వచ్చాడు. "ఆపండి మేడమ్!"

"ఎవరు నువ్వు? ఏసీ ఇక్కడ బాగానే ఉంది!"

అతను స్కానర్ తీసి కంప్యూటర్‌కి గుచ్చాడు. స్క్రీన్ మీద నలభై ఒక్క ఫోటోలు. ఒక్కో దాని మీదా ఫోటోగ్రాఫర్ పేరు, ఈ ఏటి తేదీ, గోడౌన్ చిరునామా.

రిజిస్ట్రార్ వేలు బటన్ మీద అలాగే ఉండిపోయింది. గడియారంలో ఎనిమిది సెకన్లు మిగిలాయి. ఆమె కళ్లజోడు పైకి తోసుకుని, ముందుకు వంగి, మొదటి ఫోటో చూసింది. తర్వాత డాక్టర్ వైపు చూసింది. తర్వాత మళ్లీ ఫోటో చూసింది.

వేలు తీసేసింది.

డాక్టర్ తొణకలేదు. "సాఫ్ట్‌వేర్ పొరపాటు. ఎవరూ కావాలని చేసింది కాదు. చట్టం ప్రకారం పొరపాటు నేరం కాదు కదా మేడమ్?"

"పొరపాటు ఇంత వివరంగా మెసేజ్ పెడుతుందా?" గుమ్మంలోంచి పగడం గొంతు.

గుమస్తా ఫోన్ తెరిచి చదివాడు. "'నలభై ఒక్క ఫోటోల్లోనూ పేరు, తేదీ మార్చు. పన్నెండులోపు కావాలి. మనిషి సంగతి నేను చూసుకుంటాను.' నిన్న సాయంత్రం ఐదింటికి. మీ నంబరే కదండీ డాక్టరుగారూ?"

డాక్టర్ చెయ్యి కోటు లోపలికి పోయింది. రిజిస్ట్రార్ బల్ల మీద ఉన్న ఇత్తడి స్టాంపు ఎత్తి ఆ చేతి మీద బలంగా కొట్టింది. పిస్టల్ కింద పడింది. గుమస్తా దాన్ని కాలితో గోడ వారకు తన్ని, డాక్టర్ చేతులు వెనక్కి విరిచాడు.

రెండు గంటలకు కమిషన్ హాల్లో నలభై ఒక్క ఫోటోలు తెర మీద పడ్డాయి. చనిపోయిన కూలీల కుటుంబాలు ముందు వరుసలో కూర్చున్నాయి. ఒక్కో ఫోటో మారినప్పుడల్లా ఫోటోగ్రాఫర్ అక్క పెదవులు కదిలాయి. తమ్ముడి పేరు ప్రతిసారీ చదువుతూనే ఉంది.

బయట పోలీసు వ్యాన్ దగ్గర పగడం తన వాంగ్మూలం కింద అసలు పేరు రాసింది. రాసి, కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. "స్పెల్లింగ్ మర్చిపోయాననుకున్నా," అంది ఇన్‌స్పెక్టర్‌తో, చేతులు బేడీలకు చాపుతూ.

గుమస్తా ఆఫీసుకి వెళ్లి పదకొండు పేజీల రిపోర్టు రాశాడు. పెద్దాయన మొదటినుంచి చివరిదాకా చదివి, చాలా బాగుందన్నాడు. తర్వాత పై అధికారులకు పంపే ముందు, కింద గుమస్తా పేరు కొట్టేసి తన సంతకం పెట్టుకున్నాడు.