ఊదు నాన్నా

“నోరు తెరువు, బావా.”

అంది అర్చన. రాజశేఖర్ స్నానాల గది గడప మీద కూలబడి, గోడకు తల ఆనించి ఆయాసపడుతున్నాడు. ముఖం, మెడ, ఛాతీ ఎర్రగా కందిపోయాయి. అప్పటికే రెండుసార్లు వాంతి అయింది. గుండె చెవుల్లో కొట్టుకుంటున్నట్టుంది.

అతను నోరు తెరిచాడు. అర్చన వంగి వాసన చూసి, నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగింది.

“ఎంత తాగినావు?”

“తాగలేదు, అర్చనా.”

“ఎంత తాగినావు బావా? క్వార్టరా? సగమా? నీకు దండం పెడతా, చెప్పు!”

“ఒట్టు. ఒక్క చుక్క గూడ...”

మాట పూర్తి కాలేదు. కడుపులోంచి మూడోసారి తన్నుకొచ్చింది.

వంటింట్లో దోసెల పిండికి ఉప్పు కలుపుతున్న సుబ్బరత్నమ్మ ఆ చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. కొడుకును చూసింది. కోడలి ముఖం చూసింది. నెత్తి కొట్టుకుంది.

“ఈ పొద్దే దొరికిందారా నీకు? ఏడాది ఆగినోడివి ఇంగొక్క పూట ఆగలేకపోయినావా? ఆ బిడ్డ వస్తాంది గదరా!”

సరిగ్గా అప్పుడే మంచం మీద ఫోను మోగింది. అర్చన నొక్కితే స్పీకరులో ఆమె తండ్రి ఆదినారాయణ గొంతు ఖంగున వినిపించింది.

“అమ్మీ, ముద్దనూరు దాటినాం. అరగంటలో మీ ఇంట్లో ఉంటాం. నీ కూతురు పులివెందులలో మంచినీళ్లు గూడ ముట్టలే. వాళ్ల నాయన పోసిన దోసె తింటాదంట. అల్లుడు లేచినాడా?”

అర్చన ఫోను పెట్టేసింది.

సరిగ్గా ఏడాది క్రితం రాజశేఖర్ తాగిన మత్తులో ఏడేళ్ల లహరిని బండి ముందు కూర్చోబెట్టుకుని పెన్నా వంతెన దగ్గర కంకరలో పడ్డాడు. పాప ఎడమ చేయి రెండు చోట్ల విరిగింది. ఆదినారాయణ అతనికి మామే కాదు, తల్లికి తోడబుట్టిన తమ్ముడు కూడా. ఆ రోజు ఆయన అరవలేదు, చేయి చేసుకోలేదు. మనవరాలిని భుజాన వేసుకుని ఒకే మాట అన్నాడు.

“ఏడాది. చుక్క ముట్టకుండా ఏడాది ఉండు. నేనే తీసకొచ్చి నీ ఇంట్లో వదుల్తా. లేకుంటే ఈ బిడ్డ నా ఇంట్లోనే పెరుగుతాది.”

మరుసటి రోజే రాజశేఖర్ ప్రొద్దుటూరు వెళ్లి మద్యం మాన్పించే కేంద్రంలో చేరాడు. నలభై ఐదు రోజులు అక్కడే ఉన్నాడు. బయటికొచ్చాక ప్రతి శనివారం జమ్మలమడుగు నుంచి బస్సెక్కి అక్కడి మీటింగుకు వెళ్లాడు. ఆ ఏడాది ఈ రోజుతో పూర్తయింది.

ఆదివారం ఆదివారం లహరి వీడియో కాల్ చేసేది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

“ఊదు నాన్నా.”

అతను ఫోనులోకి ఊదేవాడు. ఆ పిల్ల తెరకు ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చి, “ఏం వాసన రాలేదు. నువ్వు పాస్!” అనేది. అతను నవ్వేవాడు. ఫోను పెట్టేశాక శనగచేను గట్టు మీద చాలాసేపు ఒక్కడే కూర్చునేవాడు.

“అత్తా, ఆటోను పిలువు,” అంది అర్చన.

“ఆటో ఎందుకు? పుల్లటి మజ్జిగ తాపితే దిగుతాది. ఆస్పత్రికి పోతే ఊరంతా...”

“దిగదత్తా! ఇది దిగేది కాదు! సచ్చిపోతాడు, పిలువు!”

ఆ కేకకు సుబ్బరత్నమ్మ నిలువునా బెదిరి వీధిలోకి పరుగెత్తింది. అంత బాధలోనూ రాజశేఖర్‌కు ఆశ్చర్యం వేసింది. పదేళ్లు తాగాడు. ఒక్కసారి కూడా అర్చన అతన్ని ఆస్పత్రికి తీసుకుపోలేదు. దుప్పటి కప్పి వదిలేసేది.

ఆటో కుదుపుల్లో కళ్లు మూసుకుని వెనక్కి వెతుక్కున్నాడు. రాత్రి చేను నుంచి రొంప పట్టి వచ్చాడు. ముక్కులు బిగుసుకుపోయి దేనికీ వాసన, రుచి తెలియలేదు. తిని పడుకున్నాడు. పొద్దున లేవగానే అమ్మ కషాయం ఇచ్చింది. తర్వాత అర్చన రాగి అంబలి ఇచ్చింది. మధ్యలో ఇంకేమీ లేదు. నిజంగా లేదా? తాగే రోజుల్లో గుర్తుండని పొద్దులు ఎన్ని! తన మాట తనే నమ్మలేనంత భయం పట్టుకుంది.

ఆస్పత్రిలో నర్సు వాసన చూసి ముఖం తిప్పుకుంది. “పొద్దున్నే మొదలుపెట్టినావాప్పా?” అంటూ చీటీ మీద ఏదో రాసింది. డ్యూటీ డాక్టరమ్మ నాడి చూసి, బీపీ బాగా పడిపోయిందని సెలైను పెట్టించి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం తగిలించింది.

అతను అర్చన చేతిలోని ఫోను అడిగి తీసుకున్నాడు. ప్రొద్దుటూరు కేంద్రంలో పనిచేసే ఖలీల్‌కు చేశాడు. ఒకప్పుడు మగ్గం అమ్ముకుని తాగిన మనిషి ఖలీల్. మానేసి పదకొండేళ్లు దాటింది.

“అన్నా, జమ్మలమడుగు ఆస్పత్రిలో ఉన్నా. నేను తాగలేదన్నా. ఎవురూ నమ్మడం లే.”

అవతల బండి స్టార్టయిన చప్పుడు.

“నేను నమ్ముతాండా. వస్తాండా.”

రాజశేఖర్ గోడ వైపు తిరిగి పసివాడిలా ఏడ్చాడు. ఆ మాట ఈ పొద్దు ఇంట్లో వినాలని ఎంత ఆశపడ్డాడో అప్పుడు తెలిసింది.

ఖలీల్ కంటే ముందు ఆదినారాయణ వచ్చాడు. తాళం వేసిన ఇల్లు చూసి, పక్కింటివాళ్ల మాటలు విని నేరుగా ఇటే వచ్చాడు. చేతిలో కారు తాళాలు. మంచం దగ్గర నిలబడి ఒక్కసారి గాలి పీల్చాడు. అంతే.

“అయిపాయ,” అన్నాడు. “నేను గూడ నమ్మినా రా. అత్తగారింటికి పోతాండే ఆడపిల్లకు సర్దినట్ల సర్దినా దానికి. గౌన్లు, పుస్తకాలు, వాళ్ల అవ్వ చేసిన బొరుగుల ఉండలు. అన్నీ డిక్కీలో ఉండాయి. ఉన్నట్లే వెనక్కి పోతాయిలే.”

“మామా, నేను...”

“నోరు తెరవొద్దు. కంపు.”

ఆయన చేయి చాటు నుంచి లహరి తొంగి చూసింది. ఏడాదిలో జానెడు పెరిగింది. రెండు జడలు, ఎడమ మోచేతి కింద పొడుగాటి కుట్ల గీత. తాతను తప్పించుకుని మంచం దగ్గరికి వచ్చింది. ఫోనులో చూసే ముఖం ఇప్పుడు చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉంది.

“ఊదు నాన్నా.”

రాజశేఖర్ పెదవులు బిగించాడు. ఆ పిల్ల ఎదురు చూసింది.

“ఊదు. ఎప్పుడూ ఊదుతావు గదా!”

అతను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. లహరి తాతను చూసింది. తల్లిని చూసింది. నెమ్మదిగా వెనక్కి నడిచి తలుపు దగ్గర నిలబడింది. అర్చన నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆ సమయానికి ఖలీల్ హెల్మెట్ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. రాజశేఖర్ చొక్కా పక్కకు లాగి ఛాతీ చూశాడు. కంటి రెప్ప ఎత్తి చూశాడు. డాక్టరమ్మతో తలుపవతల రెండు మాటలు మాట్లాడి వచ్చాడు.

“పొద్దున్నుంచి ఏమేం తిన్యావు? దాచకుండా చెప్పు.”

“అమ్మ కషాయం. అంబలి. అంతే.”

“ఏం కషాయమమ్మా?” ఖలీల్ సుబ్బరత్నమ్మ వైపు తిరిగాడు.

“కషాయమంటే... అరిష్టం నాయనా. ఆయుర్వేదం అంగట్లో ఇచ్చినారు. నేను రోజూ తాగేదే. వీనికి రొంప పట్టింటే అర గ్లాసు పోసి, తేనె, వేన్నీళ్లు కలిపిస్తి. ఏమన్నా తప్పా?”

“అది పులియబెట్టి చేసేదమ్మా. కొంచెమైనా అందులో ఆల్కహాలు ఉంటాది. ఆ వాసన దానిదే.”

సుబ్బరత్నమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గోడ పట్టుకుని కింద కూర్చుంది.

“ఓరి దేవుడా! నా చేతుల్తోనే పోస్తినా? తాగినావని పొద్దున్నుంచి వాణ్ణే తిడ్తి గదరా!”

“అక్కా, నీకు బుద్ధుందా?” ఆదినారాయణ ఎగిరాడు. కోపంలోనూ ఆయన గుండె మీది బరువేదో దిగినట్టుంది. “సీసా మీద ఏముందో చూసుకోవా? అంటే అల్లుడు తాగలే! ఏమప్పా, తాగలే గదా?”

“తాగలే,” అన్నాడు ఖలీల్. “అయితే అమ్మ తప్పు సగమే. అమ్మా, మీరు రోజూ తాగుతాండారు. ఒక్కసారన్నా ఇట్ల పడిపోయినారా?”

సుబ్బరత్నమ్మ లేదని తల ఊపింది.

“అర గ్లాసు అరిష్టానికి మనిషి ఇట్ల ఎర్రబడడు, బీపీ పడిపోదు. ఇట్ల కావాలంటే తాగుడు మాన్పించే మాత్ర ఒంట్లో ఉండాల. అది ఉన్నోనికి చుక్క ఆల్కహాలు ఉండే దగ్గు మందు గూడ పడదు. రాజాకిచ్చే ఆ మాత్రను డాక్టరు దసరాకే ఆపేసినాడు. ఇప్పుడు ఒంట్లోకి ఎట్ల వచ్చింది? ఎవురు వేస్తాండారు?”

ఖలీల్ ఒక్కొక్కరి ముఖమే చూశాడు.

రాజశేఖర్ కళ్ల ముందు ఒక స్టీలు గ్లాసు కదిలింది.

ప్రతి పొద్దూ అర్చన అంబలి తెచ్చి ఇచ్చేది. ఇచ్చి వెళ్లిపోయేది కాదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడి చూసేది. పెళ్లయిన పదేళ్లలో ఆమె అంత దగ్గరగా నిలబడి అతన్ని చూసింది లేదు. ఆ ఒక్క నిమిషం కోసం రోజంతా ఎదురు చూసేవాడు. ఆమె ఇంకాసేపు అక్కడే ఉండాలని, చివరి గుక్క కావాలనే ఆలస్యం చేసేవాడు. గ్లాసు అడుగున తెల్లటి పొడి కనిపిస్తే కరగని ఉప్పనుకున్నాడు.

ఇంకొకటి గుర్తొచ్చింది. ఈ పొద్దు ఆమె ఎందుకు తాగావని అడగలేదు. ఎంత తాగావనే అడిగింది.

కోపం మండుకొచ్చింది. తలెత్తి చూశాడు. అర్చన నేల చూపులు చూస్తోంది. బొటనవేలితో చీర అంచును అదేపనిగా రుద్దుతోంది. ఎన్నిసార్లు పాప నెత్తి మీద చేయి పెట్టి ఒట్టేశాడు! ప్రతిసారీ నమ్మింది. నమ్మడం మానుకోవడం ఆమెకు నేర్పింది ఎవరు? కోపం ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా చల్లారింది.

“నేనే అన్నా,” అన్నాడు. “దసరా తర్వాత గూడ నేనే తెచ్చుకుని వేసుకుంటాండా. నా మీద నాకు ధైర్యం చాలక.”

ఖలీల్ అతని కళ్లలోకి చూశాడు. “రాజా, మొదటి రోజు నీకేం చెప్పినా? తప్పు జరిగితే చెప్పు, మల్లా మొదలుపెడదాం, అబద్ధం మాత్రం వద్దన్నా. గుర్తుందా?”

“నేనే వేసుకున్యా,” అన్నాడు రాజశేఖర్ మళ్లీ.

ఆదినారాయణ ముఖం మెల్లగా బిగుసుకుపోయింది. “అంటే ఏడాదైనా నీ మీద నీకే నమ్మకం లే. పైగా దొంగతనంగా మింగుతాండావు. నీకే లేని నమ్మకం నేను యాడ్నుంచి తేవాల? పా, లహరీ. పోదాం.”

లహరి తండ్రినే చూస్తూ తాత వేలు పట్టుకుంది. ఇద్దరూ తలుపు దాటారు. వరండాలో నాలుగు అడుగులు వినిపించాయి. ఐదో అడుగు పడకముందే అర్చన కేక పెట్టింది.

“నాయనా, ఆగు!”

ఆదినారాయణ తిరిగి గుమ్మంలోకి వచ్చాడు.

“వద్దులే అర్చనా,” అన్నాడు రాజశేఖర్.

“వద్దంటే ఎట్ల బావా? ఏడాది పొడుగునా నువ్వు నిజమే చెప్తాండావు. అబద్ధమాడింది నేను.” ఆమె తండ్రి వైపు తిరిగింది. “డాక్టరు మాత్ర ఆపేస్తే నాకు నిద్ర ఆగిపోయింది నాయనా. గేటు చప్పుడైతే భయం. ఆయన లేటైతే భయం. మంచిగ నవ్వితే ఇంగా భయం. నిద్రలో ఆయన ముక్కు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేదాన్ని. రెండు నెల్లు దాటిస్తే పాప ఇంటికొస్తాది, తర్వాత మానేద్దామనుకున్యా. పాత చీటీ చూపించి ప్రొద్దుటూరులో మాత్రలు తెచ్చినా. నూరి అంబలిలో కలిపినా. ఆయనకు తెలీదు. ఇప్పుడు తెల్సి గూడ నన్ను కాపాడాలని తన మీద వేసుకుంటాండాడు.”

ఆదినారాయణ కూతురిని చూశాడు, అల్లుణ్ణి చూశాడు. చేతిలోని కారు తాళాలు మంచం పక్కన బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

లహరి తలుపు దగ్గరి నుంచి అడిగింది. “అయితే నాన్న తాగలేదా?”

“లేదు,” అంది అర్చన.

“మరి నాన్నకు ఇట్ల చేసింది ఎవరు?”

అర్చన వెళ్లి పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంది. గీత పడిన ఆ చిన్న చేతిని పట్టుకుని మంచం దాకా తీసుకొచ్చి, రాజశేఖర్ అరచేతిలో పెట్టింది. ఏడాది తర్వాత ఆ వేళ్లు అతని వేళ్లను చుట్టుకున్నాయి. ఆమె భర్త కళ్లలోకి చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

“నేను, పాపా,” అంది. “మీ అమ్మ.”