పేరు పెట్టని పిలుపు

కేదార్‌నాథ్ వెళ్లాలన్నది లోవలక్ష్మి కోరిక. నర్సీపట్నంలో మోటార్లకు వైండింగు చేసుకునే ధర్మారావుకి తిరుపతి దాటి ఏ ఊరూ తెలియదు. ఆయన భార్యకీ తెలియదు గానీ, ఫోనులో మంచుకొండల వీడియోలు చూసీ చూసీ అక్కడే పుట్టి పెరిగినట్టు మాట్లాడేది. గుర్రం ఎక్కనంటే ఎక్కనంది. గౌరీకుండ్ నుంచి గుడిదాకా నడిచే తీరతానని, రోజూ పొద్దున్నే కొత్త బూట్లేసుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి, కాలేజీ గ్రౌండు చుట్టూ తిరిగేది. చూసినవాళ్లు నవ్వుకునేవారు. ధర్మారావూ నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు అతనికి ముద్ద దిగడం లేదు.

టిక్కెట్లు తీసిన కొన్నాళ్లకే ఆవిడకి జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. విశాఖ తీసుకెళ్లారు. మనిషి దక్కలేదు.

ప్రయాణం మానొద్దని కూతురు శ్రీదుర్గ పట్టుబట్టింది. అస్థికలు హరిద్వార్‌లో గంగలో కలిపి, అక్కణ్ణుంచి కొండెక్కి, అమ్మ చూడాలనుకున్నవన్నీ చూసి వద్దామంది. ధర్మారావు సరేనన్నాడు. బతికుండగా తీసుకెళ్లలేనిదాన్ని ఇలాగైనా తీసుకెళ్లాలి, అంతకు మించి అతనికి ఈ లోకంలో పనేమీ కనిపించలేదు.

వరాహనది ఒడ్డున ఎముకలు ఏరిన రోజు, లోవలక్ష్మి పిన్ని సోమలమ్మ అతన్ని పక్కకి పిలిచి మరీ మరీ చెప్పింది.

“ఎముకలొక్కటే తెస్తే సాలదు నాయనా, మడిసిని కూడా తేవాల. పేరెట్టి పిలిసి, రా ఎల్దాం అని, ఎనక్కి తిరక్కండా నడిసొచ్చీ. ఎవుల్ని పిలిస్తే ఆళ్లే వత్తారు. ఒక్క పిలుపుకి ఒక్కరే.”

అక్కడే వచ్చింది చిక్కంతా. ధర్మారావు పెళ్లయిన నాటినుంచీ పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ‘ఇదుగో’ అంటే ఆవిడ పలికేది. ఆస్పత్రిలో ఆఖరిసారి పిలిచిందీ అలాగే. కుండకి గుడ్డ కట్టి లేచేసరికి ఏడుపు తన్నుకొచ్చి, అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది.

“ఇదుగో... రా. ఇంటికెల్దాం.”

ఒడ్డున ఇంకా ఎవరెవరివో చితులు కాలిన చోట్లున్నాయి. ఆ పక్కనే తుమ్మచెట్ల కింద చనిపోయిన చిన్నపిల్లల్ని పాతిపెడతారు. అతను ఎటూ చూడలేదు. వెనక ఇసకలో అడుగుల చప్పుడు వినబడితే, వచ్చేస్తోందనుకున్నాడు. అంత దుఃఖంలోనూ కాస్త సంతోషపడ్డాడు పాపం.

అస్థికలు ఇంట్లోకి తేకూడదు గనక కుండని పెరట్లో జామచెట్టుకి కట్టారు. వెంట వచ్చింది మాత్రం ఇంట్లోకే వచ్చింది. వంటింటి గడప దగ్గర తడి ఇసక. ఊడ్చి వెనక్కి తిరిగితే మళ్లీ ఇసక. పంచదార డబ్బాకి మూత ఉండేది కాదు. వాన లేని రోజున కూడా ఇల్లంతా తవ్విన మట్టి వాసన వేసేది. ధర్మారావు భయపడలేదు. ఏ రూపాన ఉంటేనేం, ఇంట్లో ఉంది కదా అనుకున్నాడు.

ప్రయాణం దగ్గరపడ్డాక ఒక సాయంత్రం జోరున వాన కురిసి కరెంటు పోయింది. శ్రీదుర్గ ముందుగదిలో ఫోను వెలుగులో స్వెటర్లు సర్దుతోంది. ధర్మారావు వంటింట్లో పీట మీద కూర్చుని, చీకటి మూలకేసి తిరిగి, ప్రయాణమంతా చెప్పుకొచ్చాడు. రైలు, గంగ, లోయ అంచున రోడ్డు, ఏటి పక్కన టెంట్లు, మంచు. ప్రతి మాటకీ మూలనుంచి సన్నగా ‘ఊఁ’ అని వినిపిస్తోంది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆటపట్టించాలనిపించింది.

“అంత కొండ నడుత్తావా... గుర్రమెక్కుతావా?”

మూలన చప్పుడు ఆగింది. వాన ఒక్కటే వినబడుతోంది.

“గుర్రం...”

గుసగుసలాడినట్టుగా. సంబరంగా.

అతను పీట మీంచి లేచాడు. లోవలక్ష్మి ఆ మాట అనదు. ఆ గొంతు... మనిషి ఎత్తునుంచి రాలేదు. చాలా కిందనుంచి వచ్చింది.

తూలుతూ ముందుగదిలోకి వచ్చిన తండ్రిని చూసి శ్రీదుర్గ చేతిలో పని ఆపి, దాచుకున్న మాట చెప్పేసింది. రోజూ అమ్మ కలలోకి వస్తోందట. ఏటి ఒడ్డున వానలో ఒక్కతే కూర్చుని ఉంటోందట. నాన్న బాధపడతాడని ఇన్నాళ్లూ చెప్పలేదట.

“నాన్నా, ఆ రోజు అమ్మని పేరెట్టి పిలిసేవా?”

అతను గోడకి తగిలించిన ఆటో తాళాలు తీశాడు.

“మీ నాన్న నన్ను పిలవనేదే, అంటంది.”

మోటార్లు మోసే ట్రాలీ ఆటో తీసి అప్పటికప్పుడే బయల్దేరారు. ఏటికి చేరేసరికి వాన తెరిపిచ్చింది. వెలుతురు ఇంకా కాస్త మిగిలి ఉంది. శ్రీదుర్గని గట్టు మీద ఆటోలోనే ఉండమని, ధర్మారావు ఒక్కడే ఇసకలోకి దిగాడు. ఆ పేరు పలకడానికి మొదట అతని నాలుక తిరగలేదు.

“లోవలక్ష్మీ...”

నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

“లోవలక్ష్మీ. తప్పయిపోనాది. రా, ఎల్దాం.”

చితి కాలిన చోట గాజులు కదిలాయి. కూర్చున్న మనిషి మోకాలి మీద చెయ్యేసుకుని లేచేటప్పటి చప్పుడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

“ఊఁ.”

పలుకు అక్కణ్ణుంచి రాలేదు. అతని పక్కనుంచే వచ్చింది. నడుం దగ్గర్నుంచి. వంటింటి మూలన విన్న గొంతే.

గాజులు ఆగిపోయాయి.

నువ్వు కాదు, అనాలి. ఆ ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాడు... అంతలో చిన్న చెయ్యి ఒకటి, చల్లగా, ఇసక ఇసకగా, అతని చిటికెన వేలు పట్టుకుంది. ఎన్నాళ్లనుంచి ఆ తుమ్మచెట్ల కింద ఉందో, ఇంటికి రమ్మని ఎవరైనా పిలుస్తారేమోనని ఎంత ఎదురుచూసిందో. అతను ఆ మాట అనలేకపోయాడు. వెనక్కి తిరక్కుండా నడిచాడు. ఇంకో జత అడుగుల కోసం గట్టుదాకా చెవులు రిక్కించే ఉన్నాడు.

శ్రీదుర్గ ఆటోలోంచి వంగి చూస్తోంది. అతని మొహంకేసి కాదు. చేతికేసి... చేతికి కాస్త కిందకి. చూస్తూనే మెల్లగా జరిగి, సీటు మీద కొంచెం చోటిచ్చింది.

“నాన్నా,” అంది, “మరి అమ్మేది?”