చేతులు దిగే దారి

"ఫోన్ ఇలా ఇవ్వండి."

గొంతు పెద్దదేం కాదు. అయినా గోల్ఫ్ నేర్చుకునే డ్రైవింగ్ రేంజ్‌లో ఆ వరసలో బంతులు కొడుతున్నవాళ్ళంతా ఆగి ఇటు తిరిగారు.

అతను మారుమాటాడకుండా ఫోన్ ఇచ్చేశాడు. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి చేతిలో బంతులు కొట్టే ఇనుప క్లబ్ ఉంది మరి.

"ఎంతసేపట్నుంచి నన్ను వీడియో తీస్తున్నారు?"

"ఇప్పుడే... అంటే, వచ్చినప్పట్నుంచీ."

ఆమె ఒక వీడియో తెరిచింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకోటి చూసింది. కోపం కాస్తా అయోమయంగా మారింది. ఏది తెరిచినా మోచేతుల నుంచి వేళ్ళ దాకా తన రెండు చేతులు, వాటి వెనక పచ్చగడ్డి. అంతే.

"ఇదేంటి? మొహమే లేదు!"

"మొహంతో నాకు పని లేదండీ," అన్నాడతను కంగారుగా. అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నాడు.

రేంజ్ చివర చిన్న దుకాణంలో కూర్చుని క్లబ్బుల పిడులకి పాత రబ్బరు గ్రిప్పులు మారుస్తున్న పెద్దాయన పకపకా నవ్వాడు. ఆయన ఆ అమ్మాయి తండ్రి అని అతనికి అప్పటికి తెలియదు. ఆ అమ్మాయి అక్కడ కోచ్ అని కూడా తెలియదు.

"ఈ చేతులతో మీకేం పనో చెప్పండి. లేకపోతే సెక్యూరిటీని పిలుస్తా."

అతను గబగబా చెప్పుకొచ్చాడు. వీడియో గేముల్లో మనుషుల బొమ్మల్ని కదిలించడం తన ఉద్యోగం. ఇప్పుడు చేస్తున్నది గోల్ఫ్ ఆట. ఆటగాడి బొమ్మ ఎన్నిసార్లు చేసి చూపించినా డైరెక్టర్ వెనక్కి పంపిస్తున్నాడు. కిందటి వారం మీటింగ్‌లో అందరి ముందూ, 'ఇతను గోల్ఫ్ ఆడుతున్నాడా, కట్టెలు కొడుతున్నాడా?' అని అడిగాడు.

"చూపించండి," అంది ఆమె.

బెంచీ మీద లాప్‌టాప్ తెరుచుకుంది. బుర్రమీసాల ఆటగాడొకడు క్లబ్ ఎత్తి దబ్బున బంతి మీద పడ్డాడు. ఆమె నవ్వు ఆపుకోవాలని పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది.

"మీసాలు మాత్రం బాగున్నాయి."

"మీసాలు వేరే అతను చేశాడండీ. కదలిక ఒక్కటే నాది."

"పాపం." ఆమె తెర మీద వేలు పెట్టింది. "చూడండి. పైనుంచి దిగేటప్పుడు ఇతని చేతులు ఎటు వెళ్తున్నాయి?"

"బంతి వైపు."

"ఎందుకు?"

"బంతిని కొట్టాలి కదా!"

"అదిగో, అందరూ బోల్తా కొట్టేది అక్కడే. బంతిని కొట్టేది క్లబ్ తల. చేతులకి అక్కడ పనే లేదు. అవి ముందు కిందికి దిగుతాయి. కుడి జేబు ముందు నుంచి, ఒంటికి దగ్గరగా వస్తాయి. ఎడమ తొడ దగ్గరికి రాగానే లోపలికి, పైకి తిరిగిపోతాయి. అవి అలా తప్పుకుంటేనే క్లబ్ తల విసురుగా బయటికొచ్చి బంతిని అందుకుంటుంది. చేతులు కూడా బంతి మీదికే ఉరికాయనుకోండి..."

"కట్టెలు కొట్టినట్టుంటుంది."

"పర్వాలేదే, తొందరగానే ఎక్కింది."

ఆమె లేచి నెమ్మదిగా చేసి చూపించింది. చేతులు భుజం పైన ఒక్క క్షణం నిలిచాయి. తర్వాత ఎవరూ తోయకుండానే దిగుతున్నట్టు కిందికి వచ్చి, నడుం ముందు చిన్న వంపు తిరిగి, ఎడమ భుజం మీదికి లేచిపోయాయి. అతను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకోసారి," అన్నాడు. తర్వాత, "ఒకే ఒక్కసారి," అన్నాడు.

"మీరు ఎన్నిసార్లు చూసినా రాదు. మీ చేతులు దిగితే మీకు తెలుస్తుంది. శనివారం పొద్దున్న రండి, నేర్పిస్తా." ఆమె ఫోన్ తిరిగిచ్చేసింది. "ఇకమీదట అడిగి తీయండి."

*

బంతికి కాస్త అవతల ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టడం కోచ్ పద్ధతి. చేతులు సరైన దారిలో దిగితే క్లబ్ పెట్టెకి తగలదు. బయటికి ఉరికితే పెట్టె పచ్చడే.

మొదటి శనివారం పెట్టెలన్నీ పచ్చడయ్యాయి.

"అబ్బాయ్," అని దుకాణంలోంచి పెద్దాయన పిలిచాడు. "గ్రిప్పులు వచ్చే పెట్టెలు నీకోసమే దాస్తున్నా. కొంచెం చూసుకుని వాడు."

"నాన్నా, మీరు మధ్యలో మాట్లాడకండి," అంది ఆమె. "అసలే భయపడుతున్నారు."

"భయమేం లేదండీ," అన్నాడతను, ఇంకో పెట్టెను పచ్చడి చేస్తూ.

వారాలు గడిచాయి. అతనికి క్లబ్ ఊపే స్వింగ్ సగమే వచ్చింది కానీ, ఆమె చేతులు మాత్రం పూర్తిగా వచ్చేశాయి. ఎడమచేతికి ఎప్పుడూ గ్లోవ్ ఉండటం వల్ల అది తెల్లగా ఉంటుంది. కుడిచేయి ఎండకి కమిలి ఉంటుంది. బొటనవేలి పక్కన కాయ కాసింది. ఒకరోజు అతను అలా చూస్తుంటే ఆమె చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఒక్కో చేయి ఒక్కో మనిషిదిలా ఉంటుందని అమ్మ గోల. పెళ్ళి ఫోటోల్లో ఏం బాగుంటుంది అంటుంది."

"నాకైతే..." అని ఆగిపోయాడతను.

"మీకైతే?"

"పెట్టె అయిపోయింది. ఇంకోటి తెస్తాను."

ఒక శనివారం వాన దంచికొట్టింది. మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు. రేకుల కప్పు కింద వాళ్ళిద్దరే మిగిలారు. ఎదురుగా మైదానం తెల్లటి తెర వెనక్కి పోయింది.

"క్లబ్ పక్కన పెట్టండి. ఉత్త చేతులతో చేద్దాం," అని ఆమె వెనకనుంచి అతని మణికట్లు పట్టుకుంది. పైకెత్తి, మెల్లగా దించింది. "తోయకండి. దిగనివ్వండి... ఆ, ఇలా... ఊపిరి తీసుకోండి."

"తీసుకుంటున్నాను."

"ఎక్కడ? నాకేం వినపడట్లేదే!"

"వాన చప్పుడండీ."

ఆమె నవ్వి చేతులు వదిలేసింది. అతని చేతులు మాత్రం ఆమె వదిలిన చోటే కాసేపు గాల్లో ఉండిపోయాయి.

వాన తగ్గేదాకా బెంచీ మీద కూర్చున్నారు. ఎందుకో ఆమెకి మాట్లాడాలనిపించింది. వచ్చే నెల, ఊరూరా పోటీలు జరిగే ప్రొఫెషనల్ టూర్‌కి ఎంపిక పోటీ. ఆమె ప్రతి ఏడూ ఆడుతుంది. ప్రతి ఏడూ ఆటలో చివరి అంచె, ఆఖరి హోల్ దాకా ముందుంటుంది.

"ఆఖరి హోల్‌లో, జెండా ఉండే గ్రీన్‌కి ముందు చెరువులా నీళ్ళుంటాయి. ఆ నీళ్ళు చూశానంటే నా చేతులు నా మాట వినవు. మీ మీసాలాయనలాగే బంతి మీదికి ఉరుకుతాయి. ఊరందరికీ పాఠం చెప్పేదాన్ని, నాకు నేను చెప్పుకోలేను." ఆమె గ్లోవ్ విప్పి బెంచీ మీద పెట్టింది. "ఈసారి కూడా కాకపోతే ఆట మానేస్తా. నాన్నకి ఇంకా చెప్పలేదు."

అతను లేచాడు. బెంచీ మీద ఉన్న ఆమె తడి గ్లోవ్ తీసి, జాగ్రత్తగా కొక్కేనికి ఆరేశాడు.

*

చివరికి ఆటగాడి కదలికకి డైరెక్టర్ ఒప్పుకున్నాడు. అతను ఆ సాయంత్రమే లాప్‌టాప్ పట్టుకుని రేంజ్‌కి పరిగెత్తాడు.

బుర్రమీసాల ఆటగాడు క్లబ్ ఎత్తాడు. చేతులు పైన ఒక్క క్షణం నిలిచాయి. దిగాయి. తిరిగాయి. బంతి ఆకాశంలోకి లేచిపోయింది.

ఆమె మళ్ళీ మళ్ళీ చూసింది. నవ్వలేదు.

"ఇవి నా చేతులేనా?"

"ఫ్రేము ఫ్రేముకీ మీవే."

"ఇంత బాగుంటాయా?"

ఎన్నో మాటలు గొంతుదాకా వచ్చాయి. వాటన్నిటినీ మింగేసి అతను అనకూడని మాటే అన్నాడు. "అందుకేనండీ ఒప్పుకున్నారు. మొత్తానికి పని అయిపోయింది."

ఆమె లాప్‌టాప్ మూసి అతని వైపు జరిపింది. "అయితే ఇక రారన్నమాట."

"మీ టైము చాలా తీసుకున్నాను. పోటీ దగ్గర పడుతోంది కదా, మళ్ళీ నేనొక అడ్డం..."

"అవును. పెట్టెలు కూడా మిగులుతాయి," అని ఆమె బంతుల బుట్ట అందుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి శనివారం అతను వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని, పని పూర్తయిన బొమ్మనే తిప్పి తిప్పి చూశాడు. పోటీకి ముందురోజు ఫోన్ మోగింది.

"అబ్బాయ్, నేను. మోకాలు పట్టేసింది. రేపు పోటీలో అమ్మాయి క్లబ్బుల బ్యాగ్ మొయ్యడానికి మనిషి లేడు."

"నేనా అంకుల్? నాకు ఆట గురించి ఏమీ..."

"ఆట దానికొచ్చులే. నువ్వు బ్యాగ్ మొయ్యి."

*

తెల్లారి గోల్ఫ్ మైదానం బయట కార్లు ఆగేచోట అతన్ని చూసి ఆమె ఆగిపోయింది.

"మీరేంటి ఇక్కడ?"

"మీ నాన్నగారికి మోకాలు..."

"నాన్నకి మోకాలా? నిన్న మేడమెట్లు రెండేసి ఎక్కారే!"

ఆమె బ్యాగ్ అతని భుజానికి తగిలించింది. బెల్టు సరిచేసింది. అది సరిగ్గానే ఉన్నా ఇంకోసారి సరిచేసింది.

ఆట బాగా సాగింది. అతను బ్యాగ్ మోశాడు, నీళ్ళసీసా అందించాడు, అడిగిన క్లబ్ ఇచ్చాడు. అడక్కుండా నోరు విప్పలేదు. మధ్యాహ్నానికి ఆఖరి హోల్ వచ్చింది. ఎంపిక కావాలంటే ఇక్కడ తప్పు జరగకూడదు.

ముందు నీళ్ళు. నీళ్ళకి అవతల గ్రీన్, దాని మీద చిన్న జెండా.

ఆమె క్లబ్ తీసింది. పెట్టేసింది. మళ్ళీ తీసింది.

"ఏదైనా చెప్పండి," అంది అతని వైపు చూడకుండానే.

కిందికి, జేబు ముందు నుంచి, ఒంటికి దగ్గరగా. పాఠం అంతా అతనికి నోటికి వచ్చు. కానీ అది ఆమెకి తెలియనిది కాదు.

"నాకు పాఠం చెప్పడం రాదండీ," అన్నాడు. "ఒక్కటి చెప్తాను. నా పని ఎప్పుడో అయిపోయింది. అయినా మీ చేతుల వీడియోలు రోజూ చూస్తూనే ఉన్నాను. అవి పైన కాస్త ఆగుతాయి చూడండి, ఏ తొందరా లేనట్టు... ఆ తర్వాత దిగుతాయి. నా పనే కదలికల్ని చూడటం. పక్షుల్ని చూశాను, నాట్యం చేసేవాళ్ళని చూశాను. ఇంత అందంగా కదిలింది నేనింకోటి చూడలేదు. ఇవాళ బంతి నీళ్ళలో పడినా నా మాట మాత్రం ఇదే."

ఆమె తలతిప్పి అతన్ని చూసింది. "ఇది చెప్పడానికి ఇదా టైము?"

"ఏదైనా చెప్పమన్నారు కదా!"

ఆమె నవ్వేసింది. నవ్వుతోపాటే భుజాలు కిందికి జారాయి. ఆ నవ్వు పెదవుల మీద ఉండగానే బంతి ముందు నిలబడింది. చేతులు లేచాయి, ఆగాయి, దిగాయి. టప్పుమని శుభ్రమైన చప్పుడైంది. బంతి నీళ్ళమీదుగా ఎత్తుగా వెళ్ళి, గ్రీన్ మీద పడి, జెండా వైపు దొర్లింది.

అతను బ్యాగ్ కింద పడేశాడు. క్లబ్బులన్నీ గలగలమన్నాయి.

ఫలితాల బోర్డు మీద ఎంపికైనవాళ్ళ వరసలో ఆమె ఆఖరిది. ఆఖరిదైతేనేం! ఆమె ఆ బోర్డు ముందు కాసేపు నిలబడి, తర్వాత వెనక మెట్ల మీద అతని పక్కన వచ్చి కూర్చుంది. గ్లోవ్ తీసేసి, ఆ తెల్లటి ఎడమచేతిని అతని చేతిలో పెట్టింది.

"టూర్ అంటే ఏడాదిలో సగం రోజులు ఊళ్ళ మీదే తిరగాలి."

"నా పనికి ఒక బల్ల ఉంటే చాలండీ. ఏ ఊళ్ళోనైనా సరే."

"ఈ అండీలు ఇంకెన్నాళ్ళు?"

అతను గొంతు సవరించుకున్నాడు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"తెలుసు. నీళ్ళ ముందే చెప్పేశావుగా. నాకూ ఇష్టమే. ఎన్ని పెట్టెలు పాడుచేసినా ఏమీ అనలేదంటే నీకు తెలియొద్దూ?"

మెట్ల చివర దగ్గు వినిపించింది. పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకుంటూ వస్తున్నాడు. ఇద్దరూ చేతులు లాక్కోబోయి, ఎందుకో లాక్కోలేదు.

"మీ అమ్మతో మాట్లాడాను," అన్నాడాయన.

"ఎంపికయ్యానని చెప్పారా?"

"అది తర్వాత చెప్పాను," అన్నాడాయన. "ముందు అబ్బాయి భోజనానికి వస్తున్నాడని చెప్పాను."