ఒక్కగానొక్క కొడుకు

రష్త్ నగరంలో వాన పట్టిందంటే షేర్ టాక్సీలో సీటు సంపాదించడం కన్నా పార్లమెంటులో సీటు సంపాదించడం తేలికని అక్కడివాళ్ళంటారు. ఆ సాయంత్రం మహ్‌రుఖ్‌కు వెనక కిటికీ పక్కన సీటు దొరికింది. ఆమె పక్కన, కళ్ళజోడు మీది చినుకుల్ని చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఒక యువకుడు. అతనికి అటువైపు, చేపల సంచీ ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలాయన.

రేడియోలో సైనిక సేవ గురించి చర్చ నడుస్తోంది. డబ్బు కట్టినవాళ్ళకు ఆ రెండేళ్ళ సేవ తప్పించవచ్చా, తప్పించకూడదా అని.

"నేను రెండేళ్ళు పప్పునీళ్ళు తాగి బండరాళ్ళకి కాపలా కాశాను," అన్నాడు డ్రైవరు. "ఒక్క రాయీ పారిపోలేదు."

"ఆ కాపలా వల్లే ఇవాళ నిటారుగా కూర్చుని బండి నడుపుతున్నావు," అన్నాడు ముసలాయన. "సైన్యం కుర్రాణ్ణి మనిషిని చేస్తుంది నాయనా."

"మనిషిగా పుట్టినవాణ్ణి మళ్ళీ మనిషిని చెయ్యడమేంటి ఆగా?" కళ్ళజోడు యువకుడు అందుకున్నాడు. "ఒక పౌరుడి రెండేళ్ళు అడక్కుండా లాక్కునే హక్కు ఏ రాజ్యానికీ లేదు. జీతమిచ్చి పిలవమనండి. ఇష్టమైనవాడు వస్తాడు."

"జీతం కోసం ఎవరొస్తారో అదీ చెప్పండి," అంది మహ్‌రుఖ్, కిటికీలోంచి చూపు తిప్పకుండానే. "లేనివాడి కొడుకే వస్తాడు. ఎత్తేస్తే అందరికీ ఎత్తెయ్యాలి. ఉంచితే అందరికీ ఉంచాలి. ఆడపిల్లలతో సహా."

"బాగుంది. మా ఆవిడ చేతికి తుపాకీ కూడా ఇస్తే నేనిక టాక్సీలోనే పడుకోవాలి," అన్నాడు డ్రైవరు.

"మీరు ఎవరి తరఫున వాదిస్తున్నారు?" అన్నాడు యువకుడు, కొంచెం నవ్వుతూ.

"సీస్తాన్ సరిహద్దులో ఇసుక తింటున్న మా తమ్ముడి తరఫున. మీరెక్కడ చేశారు?"

అతను అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాలను మళ్ళీ తుడిచాడు. "ఇంకా చదువుకుంటున్నాను. ఎమ్మే. థీసిస్ రాస్తున్నాను."

"దేని మీద?"

"నిర్బంధ సైనిక సేవ మీదే."

టాక్సీ టాక్సీ అంతా నవ్వింది. చేపల సంచీ కూడా కదిలింది.

దిగేముందు మహ్‌రుఖ్ అతని ముఖాన్ని మొదటిసారి పరీక్షగా చూసింది. "మీ కళ్ళజోడు ఎడమవైపు వంగింది. బజారు చివర కళ్ళద్దాల కొట్లో పనిచేస్తాను. రండి, సరిచేస్తాను. అభిప్రాయాలు మాత్రం నా వల్ల కాదు."

మర్నాడే వచ్చాడు. పేరు బెహ్‌దాద్. ఆ తరువాత వారం వారం వచ్చాడు. బిగించిన మర మళ్ళీ మళ్ళీ వదులవడం ఏ శాస్త్రానికీ అందని విషయమని మహ్‌రుఖ్ అంటే, సామాజిక శాస్త్రానికి అందుతుందని అతను బదులిచ్చాడు. ఆ శీతాకాలం వాళ్ళు ఒకే గొడుగు కింద చాలా దూరం నడిచారు, చాలా విషయాల మీద పోట్లాడుకున్నారు. అతను గెలిచినప్పుడు ఆమె మాట్లాడటం మానేసేది. అతనికి భయం వేసి ఓడిపోయేవాడు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. తన థీసిస్ నాలుగో అధ్యాయం దగ్గర ఆగి మూడేళ్ళయిందని అతను చెప్పినప్పుడు, అంత నిక్కచ్చిగా రాసే మనిషి మీద ఆమెకు గౌరవమే కలిగింది.

అప్పుడే ఒక మధ్యాహ్నం కొట్లోకి ఇద్దరు వచ్చారు. యాభై దాటని ఒక స్త్రీ; ఆమెకు తలుపు తెరిచి పట్టుకున్న, మర్యాదస్తుడైన ఒక పెద్దమనిషి. ఆయన కోటుకు వెల్లుల్లి ఊరగాయ వాసన. ఆమె ఏ ఫ్రేము పెట్టుకున్నా ఆయన ముందు ఆమె కళ్ళలోకి, ఆ తరువాతే ఫ్రేము వైపు చూశాడు.

"మీ ఆయనగారికి ఇదే నచ్చినట్టుంది ఖానుమ్," అంది మహ్‌రుఖ్.

"ఆయన మా ఆయన కాదమ్మా," అంది ఆమె. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

మహ్‌రుఖ్ అద్దాలు కోయడానికి లోపలికి వెళితే, తెర ఇవతలికి మాటలు వినిపించాయి.

"ఇంకొక్క ఏడాది యూసుఫ్ ఆగా. వాడి చదువు అయిపోవస్తోంది."

"పోయినేడూ ఇదే మాటన్నావు ఇఫ్ఫత్."

"చదువయ్యాక వాడు విధవరాలి ఒక్కగానొక్క కొడుకుననే కదా మినహాయింపు అడగాలి. ఈలోగా నాకు మొగుడొస్తే ఏ ముఖంతో అడుగుతాడు? సైన్యానికి పట్టుకుపోతారు. మినహాయింపు కార్డు వాడి చేతికి రానీ. ఆ సాయంత్రమే మన పెళ్ళి."

"అబ్బాయికి తెలుసా, నేను కాచుకుని ఉన్నానని?"

"వాడికి తెలుసు," అంది ఆమె.

ఆ కొడుకెవరో గాని, వాణ్ణి నాలుగు వాయించాలని మహ్‌రుఖ్ అనుకుంది.

వసంతం రాగానే బెహ్‌దాద్ పెళ్ళి మాటలకు తల్లిని వెంటబెట్టుకుని మహ్‌రుఖ్ ఇంటికి వచ్చాడు. టీ గ్లాసుల పళ్ళెంతో గదిలోకి వచ్చిన మహ్‌రుఖ్, సోఫాలో కూర్చున్న ఆ తల్లిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తాను కోసిన అద్దాల వెనక నుంచి ఇఫ్ఫత్ ఖానుమ్ ఆమెను గుర్తుపట్టి, చెప్పవద్దన్నట్టు రెప్పలు వాల్చింది.

మహ్‌రుఖ్ తండ్రి నౌజర్ ఆగా పిల్లనిచ్చే తండ్రులందరూ అడిగే మొదటి ప్రశ్నే అడిగాడు. "అబ్బాయి సైనిక సేవ అయిందా? ముందే చెబుతున్నా ఖానుమ్, సైన్యం చూడనివాణ్ణి నేను మగవాడిగా లెక్కపెట్టను."

"మినహాయింపు వస్తుందండీ," అంది ఇఫ్ఫత్ ఖానుమ్. "నాకు వీడొక్కడే. వాళ్ళ నాన్న లేరు."

పిల్లలిద్దరూ పక్కగదిలో మాట్లాడుకోవాలని పెద్దలు పంపారు. తలుపు మూయగానే మహ్‌రుఖ్ అడిగింది: "యూసుఫ్ ఆగా ఎవరు?"

బెహ్‌దాద్ నవ్వు సగంలో నిలిచింది. "అమ్మకు తెలిసినాయన. ఊరగాయల కొట్టుంది."

"ఎన్నాళ్ళుగా తెలుసు?"

"అమ్మకా?"

"నీకు."

అతను కళ్ళజోడు తీసి తుడిచాడు.

"నేను ఆమెను వద్దనలేదు మహ్‌రుఖ్. కార్డు వచ్చాకే అని తనే అంది."

"అంటే నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"రాజ్యం అడక్కుండా లాక్కుంటుందని టాక్సీలో ఉపన్యాసమిచ్చావు. రాజ్యమే నయం, రెండేళ్ళకి వదిలేస్తుంది. నువ్వామె చేత ఎన్నేళ్ళు చేయించావు?"

"నాలుగో అధ్యాయంలో ఒక చిక్కు..."

"నీ నాలుగో అధ్యాయానికి ఆవిడ జుట్టు నెరిసింది."

అతను మంచం అంచున కూర్చున్నాడు. "నాకు భయం," అన్నాడు. "సరిహద్దంటే, తుపాకీ అంటే, అరిచే సార్జెంటు అంటే భయం. సిద్ధాంతమంతా ఆ భయం మీద తరువాత కట్టుకున్నది. థీసిస్ అయిపోతే, ఒకవేళ మినహాయింపు రాకపోతే, వెళ్ళాల్సి వస్తుందని. అందుకే అది అవడం లేదు."

ప్రేమిస్తున్నానని అతను చాలాసార్లు చెప్పాడు గాని, ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఆ క్షణాన కలిగినంత ప్రేమ మహ్‌రుఖ్‌కు అతని మీద మునుపెన్నడూ కలగలేదు. అందుకే ఆమె కనికరించలేదు.

"బయటికి వెళ్ళి అందరి ముందూ చెప్పు. నేను సేవకు వెళ్తాను, నువ్వు పెళ్ళి చేసుకో అని అమ్మతో చెప్పు. లేకపోతే నువ్వు తెచ్చిన మిఠాయి పెట్టె విప్పకుండానే పట్టుకెళ్ళిపో."

అతను వెళ్ళాడు. గది మధ్యన నిలబడి, ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాడు. యూసుఫ్ ఆగా పేరు కూడా చెప్పాడు.

నౌజర్ ఆగా టీ గ్లాసు కిందపెట్టడం మరిచిపోయాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళ నట్టింట్లో తన రహస్యం పరిచిన కొడుకును ఇఫ్ఫత్ ఖానుమ్ కాసేపు చూసింది. ఆ తరువాత మహ్‌రుఖ్‌ను చూసింది.

"యూసుఫ్ ఆగాకి పోయిన నెల లాహీజాన్‌లో పెళ్ళయిపోయింది," అంది మెల్లగా. "మేనత్త కూతురట. ఆయన తప్పేం లేదు. మనిషి ఎంతకాలమని కాచుకుంటాడు?"

"నాకు చెప్పలేదేమ్మా?"

"నువ్వెప్పుడూ అడగలేదు నాయనా."

"అయినా నేను వెళ్తాను. వచ్చే వారమే పేరిస్తాను."

"వెళ్ళు. వెళ్తే, నేను ఆయన్ని ఎందుకు పోగొట్టుకున్నట్టో అది కూడా చెప్పి మరీ వెళ్ళు."

బెహ్‌దాద్ మహ్‌రుఖ్ వైపు చూశాడు. ఆమె ఖాళీ గ్లాసులు పళ్ళెంలో సర్దసాగింది. పక్కగదిలో ఆమె అన్నదంతా న్యాయమే. ఆ న్యాయం ఇప్పుడు ఎవరికీ అక్కరకు రాదు.

నౌజర్ ఆగా గొంతు సవరించుకున్నాడు. "అంటే... మినహాయింపుకి ఇక అడ్డేమీ లేదన్నమాట." అతని ముఖం విప్పారింది. "చూడండి ఖానుమ్, సైన్యం మనిషిని చేస్తుందని నమ్మేవాణ్ణే నేను. కానీ మా అబ్బాయి అక్కడ, అల్లుడూ అక్కడ అయితే ఆడపిల్ల ఇక్కడ ఒంటరిగా... ఎందుకొచ్చిన గొడవ? దేవుడే దారి చూపించాడు. నోళ్ళు తీపి చేసుకుందాం."

పెట్టె మూత ఆయనే తీశాడు.

మొదటి మిఠాయి ఇఫ్ఫత్ ఖానుమ్ తీసుకుంది. రెండు ముక్కలు చేసి, ఒకటి మహ్‌రుఖ్ నోటి దగ్గర పెట్టింది.

"తినమ్మా. వాడి చేత మంచిమాటే అనిపించావు. ఎవరూ అనిపించలేకపోయారు."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే బాగుండుననిపించింది మహ్‌రుఖ్‌కు. ఆమె నోరు తెరిచింది. రెండో ముక్క కొడుకు నోట్లోకి వెళ్ళింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా నమిలారు.

నౌజర్ ఆగా చప్పట్లు కొట్టాడు. ఇంటిల్లిపాదీ కొట్టారు. అందరూ ఆపిన తరువాత కూడా ఇఫ్ఫత్ ఖానుమ్ కొడుతూనే ఉంది.