ఏమరకురా తమ్ముడూ

"చూడు డేగా, పొద్దు వాలేలోగా మీ అక్కని చంపేస్తారు," అన్నాడు చీఫ్, టీ కలుపుకుంటూ.

సీక్రెట్ ఏజెంట్ డేగ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. అతడి అక్క శత్రుదేశపు కోడ్‌లన్నీ విప్పేసిన ఇంజినీరు. ఇవాళే ఆమెను ల్యాబ్ నుంచి ఎయిర్‌పోర్టుకు తరలించాలి.

"కూర్చో. ఎర వేశాం. శత్రుదేశపు ముఠా మన వైర్‌లెస్‌ను వింటోందని తెలిసే, ‘పడమటి ద్వారమును ఏమరకుడు’ అని మెసేజ్ వదిలాం. కారు వెళ్లేది మాత్రం తూర్పు గేటు నుంచి."

"ఏమరకుడా? ఆ మాట ఇప్పుడెవరు వాడతారు సార్?"

"అందుకే వాడాం. చిన్న డిక్షనరీల్లో దొరకదు. పాత నిఘంటువు కోసం లైబ్రరీకి రావాల్సిందే. ఆ మాట వెతుక్కుంటూ ఎవరొస్తే వాళ్లే ముఠా మనిషి. అర్థం చూసుకుని తుపాకీవాణ్ణి పడమటికి పంపుతారు. అక్కడ మనవాళ్లు కాచుకుని ఉంటారు."

మధ్యాహ్నానికి డేగ లైబ్రేరియన్ అయిపోయాడు. గుబురు మీసం, సోడాబుడ్డి కళ్లద్దాలు, చెవిలో హియరింగ్ ఎయిడ్. నిజానికది ఆ హాల్లో ఎవరు గుసగుసలాడినా పట్టేసే రిసీవర్. వేషం బాగానే కుదిరింది కానీ మనసు కుదురుగా లేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, సర్దిన పుస్తకాలే మళ్లీ సర్దాడు.

చివరికి తలుపు తెరుచుకుంది. వచ్చింది డైమండ్! తమ ఆఫీసు ఇంటర్‌ప్రెటర్. విదేశాల్లో పెరిగిన అందగత్తె. ఆమె నవ్వితే చీఫ్ అంతటివాడే గ్లాసు ఒలకబోసుకున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదేనేమో అనుకున్నాడు డేగ.

ఆమె నిఘంటువు తెరిచి పేజీ మీద వేలు పెట్టింది.

"ఏమండీ, ‘ఏమరు’ అంటే అజాగ్రత్తగా ఉండటం అని రాశారు. ఉదాహరణ ఇవ్వలేదే? ఎలా వాడతారు?"

తెలిసిన సంగతి అడిగితే డేగ నోరు ఊరుకోదు. "ఎక్కువగా వద్దని చెప్పడానికేనమ్మా. ‘రోడ్డు మీద ఏమరకురా’ అని మా అక్క రోజూ..."

ఆమె వేలు ఆగిపోయింది. "మా ఆఫీసులో ఒక ఇంజినీరమ్మ కూడా డ్రైవర్‌తో ఇదే అంటుంది. ఏదో ముద్దుమాట అనుకున్నా. ఇంకెవరి నోటా వినలేదు." మీసం వంక నిదానంగా చూసి నవ్వింది. "థ్యాంక్సండీ."

కిటికీ వైపు తిరిగి లిప్‌స్టిక్ పెదవులకు ఆనించింది. డేగ చెవిలో ఆమె గొంతు గుసగుసలాడింది: "ఇది ట్రాప్. తూర్పు గేటు."

తన నోటి దూలే అక్క ప్రాణం మీదికి తెచ్చింది! అక్కతో మాట్లాడే వాచీ వైర్‌లెస్ బటన్ నొక్కి అరిచాడు.

"అక్కా, బండి ఆపించు!"

వాచీలో బ్రేకుల కీచు. వెంటనే తుపాకీ పేలిన చప్పుడు. తరువాత ఏమీ లేదు.

డైమండ్ తలుపు వైపు దూకింది. డేగ పుస్తకాల ట్రాలీని అడ్డంగా తోసి, ఆమె చేతికి బేడీ వేశాడు. కళ్లు మాత్రం వాచీ మీదే ఉన్నాయి. చిన్నప్పుడు చేయి పట్టుకుని రోడ్డు దాటించిన అక్క. ఒక్క మాట మాట్లాడితే చాలు.

"అద్దం పగిలిందిరా," అంది వాచీ. "నాకేం కాలేదు. డాబా మీంచి కాల్చినవాణ్ణి మనవాళ్లు పట్టుకున్నారు. ఇంతకీ అక్కడ ఏం వాగావు?"

డేగకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కాసేపటికి చీఫ్ వచ్చాడు. సంగతంతా విని, తెరిచి ఉన్న నిఘంటువులోకి వంగి చూశాడు.

"నిజమేనయ్యా, ఉదాహరణ లేదు. వచ్చే ముద్రణలో నీ ఫోటో వేయిద్దాం."